ఘాటు రాని మిరపకాయలు

"కదలకు బిడ్డా!" అంటూ ఆయా పోశవ్వ ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టిన పిడికిలిని డాక్టర్ కొమురెల్లి చుట్టూ తిప్పి బొగ్గుల కుంపట్లో వేసింది. మిరపకాయలు మాడి నల్లబడ్డాయి గానీ, ఒక్కరికీ దగ్గు రాలేదు.

"సూసిండ్రా? జర్రంత గూడ గాటు రాలే. ఎవలియో కండ్లు గట్టిగనే తగిలినయి."

ఎవరి కళ్ళో, పక్కనే నిలబడ్డ డాక్టర్ రాజలింగుకు తెలుసు. ముఖం తిప్పుకున్నాడు.

బెల్లంపల్లిలోని ఆ దవాఖానలో కుర్ర డాక్టర్లు ఈ ఇద్దరే. లండన్‌లో అంటురోగాల మీద ఏడాది శిక్షణకు ఒక్క సీటు ఉందని తెలిసి, ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. పెద్ద డాక్టరు ఒక పేరు రాసి పంపాడు. ఆ తర్వాత రాజలింగును గదిలోకి పిలిచి భుజం తట్టాడు.

"దవాఖాన నడవాలె గద రాజలింగూ. మనసుల వెట్టుకోకు."

ఆ మాట ముల్లులా దిగింది, ఇంకా బయటికి రాలేదు. చదువులో కొమురెల్లి కంటే తనే ముందు. మెడల్ కూడా తనకే వచ్చింది. అయితే ఏం లాభం?

రాత్రి షిఫ్టు దిగిన గని కార్మికులు మసి ముఖాలతోనే వచ్చి కొమురెల్లి చుట్టూ మూగారు. మెడలో బంతిపూల దండ వేశారు. ముసలి ఐలవ్వ అతని చేతులు పట్టుకుని వదలదు.

"నీ గురించే ధర్మపురి నర్సింహసామికి మొక్కిన బిడ్డా! సామి నా మొర ఇన్నడు."

రాజలింగు రెండడుగులు వెనక్కి జరిగాడు. తనూ ఈ రోగులనే చూశాడు, ఈ వరండాలోనే తిరిగాడు. తన చేతికి వీళ్ళు ఇచ్చిందేమైనా ఉంటే, అది అరకు మందు పోయించుకోవడానికి తెచ్చుకున్న ఖాళీ సీసానే.

కొమురెల్లి దగ్గరకొచ్చి, దండ తీసి అతని మెడలో వేయబోయాడు.

"వద్దు. నీ దండ నీకే ఉండనియ్," అన్నాడు రాజలింగు. మాట కటువుగా వచ్చిందని తోచి, నవ్వు తెచ్చుకుని ఆయా వైపు తిరిగాడు. "పోశవ్వా, నాకు తియ్యవా దిష్టి?"

పోశవ్వ బోసినోటితో నవ్వింది. "మీకెవలు వెడ్తరు సారూ?"

గేటు దగ్గర జీపు హారన్ మోగింది.

"రైలుకు టైమైంది సారూ! పెట్టె ఎక్కించిన!" డ్రైవర్ వెంకటి కేకేశాడు.

స్నేహితులిద్దరూ కౌగిలించుకున్నారు. కొమురెల్లి కళ్ళు తుడుచుకున్నాడు. ఐలవ్వ మళ్ళీ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

దవాఖానలోనే ఉండిపోతున్న కొమురెల్లిని వాళ్ళకు వదిలి, లండన్‌కు వెళ్తున్న రాజలింగు ఒంటరిగా జీపెక్కాడు.