ఝాన్సీ చేతి పట్టీ

"మామ్మగారూ, మీరు ఎక్కేదాకా బండి కదలదండి," అంది గుమ్మంలో నిలబడ్డ నర్సు.

కాకినాడలో అరవై దాటిన అందరికీ ఉన్నట్టే ఝాన్సీ చేతికీ పట్టీ ఉంది. గుండె, నిద్ర, తిండి, దిగులు అన్నీ కలిపి అది ఆరోగ్య కేంద్రానికి చెబుతుంది. దిగులు గీత దాటితే మనిషిని తీసుకెళ్లి, తగ్గాకే ఇంటికి పంపిస్తారు.

"తెల్లవారుజామున ఏడుస్తున్నారు. బీపీ పెరిగింది. అన్నం సగం వదిలేస్తున్నారు."

"నేనా? పొద్దున్న నాలుగు పెసరట్లు తిన్నానమ్మా. తెల్లవారుజాము ఎలా ఉంటుందో కూడా మర్చిపోయాను."

తోడికోడలు హైమ పకపకా నవ్వింది. "వెళ్లక్కా. నీకేం, రెండ్రోజుల్లో వచ్చేస్తావు. చీరలు సర్దేశాను."

అడక్కుండా ఎందుకు సర్దింది? ఝాన్సీకి అనుమానం మొదలైంది. నూనె తగలకూడదని శనివారం తలంటుకి ఇద్దరూ పట్టీలు తీసి ఒకే మేకుకి తగిలిస్తారు. స్నానమయ్యాక అందించేది హైమే. ఈమధ్య పట్టీ బిగుతుగా ఉంటే, తాను ఒళ్లు చేశాననుకుంది.

ఝాన్సీ హైమ చెయ్యి పట్టుకుని పైకెత్తింది. ఎముకలు తేలిన ఆ చేతి మీద పట్టీ మోచేతి దాకా జారిపోయింది.

"చెప్పకక్కా," అంది హైమ. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. "నన్ను తీసుకెళ్లిపోతారు."

"తీసుకెళ్లనీ. నేనూ వస్తాను."

ఝాన్సీ నర్సు వైపు తిరిగింది.

"పట్టీలు మార్చేసిందమ్మా. ఏడుస్తున్నది మా హైమ."