గుమ్మం పక్కన బూట్లు

ఐర్లండ్‌లో ఎటు చూసినా కొత్త కట్టడాల క్రేన్లే కనిపించే రోజులవి. విక్లో కొండల మీద బల్లపరుపు నేలలో మాత్రం చెట్టన్నది కూడా లేదు. నల్లటి బురద, దాని మీద చలికి బిగుసుకుపోయిన గడ్డి, అంతే. మంచు చూద్దామని డ్రోహెడా ఊరి నుంచి కారేసుకొచ్చారు జయకర్, అతని భార్య అబిగేయిల్. ఫోటో కోసమని ఆమె నాలుగడుగులు అవతలికి వెళ్లింది. అంతలో పొగమంచు కమ్మేసింది, చీకటీ పడింది.

పిలిచి పిలిచి జయకర్ గొంతు బొంగురుపోయింది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. గాలి ఆగినప్పుడల్లా కాళ్ల కింద బురద గుటకలేస్తున్న చప్పుడు.

తడుముకుంటూ పోతుంటే చేతికి రాళ్ల గోడ తగిలింది. ఎవరో ఎప్పుడో వదిలేసిన గది. తలుపు ఊడిపోయి ఎన్నేళ్లయిందో, ఉత్త గుమ్మమే మిగిలింది. అంత చలిలోనూ ఇంటి అలవాటు పోలేదు, బూట్లు విప్పి గుమ్మం పక్కన పెట్టాడు. అక్కడ ఇంకో జత చేతికి తగిలింది. అబిగేయిల్‌వి. ఇంట్లో పెట్టినట్టే, మడమలు గోడకి ఆనించి. చెయ్యి పెట్టి చూస్తే ఇంకా వెచ్చగా ఉన్నాయి.

ప్రాణం లేచొచ్చింది. సాక్సులతోనే లోపలికి దూరాడు.

"అబిగేయిలూ, ఉన్నావా?"

"ఉన్నానండీ," మూలలోంచి ఆమె గొంతే పలికింది. "తలుపేసి రండి, చలేస్తోంది."

"తలుపెక్కడుందే ఇక్కడ?"

బయట, ఎక్కడో దూరాన పొగమంచులోంచి, అదే గొంతు ఏడుస్తూ పిలిచింది.

"ఏమండీ, ఎక్కడున్నారు? నా బూట్లు ఎవరో తీసేసుకున్నారండీ."

జయకర్ గిరుక్కున గుమ్మం వైపు తిరిగాడు. అతని మొహం మీదే, మెల్లగా, తలుపు మూసుకున్న చప్పుడైంది.