కాస్త చదివిపెట్టమ్మా

"అమ్మాయీ, కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను. ఆ నిబంధన కాస్త చదివిపెడతావా?"

పక్క కుర్చీలోని పెద్దాయన అలా అడిగేసరికి ఆమె ఉలిక్కిపడింది.

ప్రకటనల మీద జనం చేసే ఫిర్యాదులు విని, ఏది ఉండాలో ఏది ఆగాలో తేల్చే మండలి అది. ఆమెకు అదే మొదటి సమావేశం.

బల్ల చుట్టూ డాక్టరు, లాయరు, ప్రకటనల కంపెనీల పెద్దలు. మామూలు జనం తరఫున కూడా ఒకరుండాలని ఆమెను తీసుకున్నారు. ఆమెది వీధి చివర చిన్న కుట్టు దుకాణం.

టీ తాగడానికి తప్ప నోరు తెరవకూడదని వచ్చేటప్పుడే అనుకుంది. ఇప్పుడేమో అందరూ ఆమెవైపే చూస్తున్నారు.

నిబంధనల పుస్తకం తెరిచి చదివింది. పక్కవాళ్లకే సరిగ్గా వినపడలేదు.

"ఇంకాస్త గట్టిగా. నాకు చెవులు కూడా అంతంతమాత్రమే," అన్నాడు పెద్దాయన.

గట్టిగా చదివింది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. విన్నాడో, కునుకు తీశాడో తెలియలేదు.

"ఆయన్ని మేం కునుకు పెద్దాయన అంటాం," అన్నాడు లాయరు టీ తాగుతూ. "ఎప్పట్నుంచి ఉన్నాడో ఎవరికీ గుర్తులేదు. మా అధ్యక్షురాలికి తెలుసేమో."

తర్వాతి సమావేశంలోనూ అదే తంతు. ఆ పైదాంట్లోనూ.

"ఇవాళా మర్చిపోయారా, బాబాయిగారూ?"

"వయసమ్మా. ఒక్కోరోజు ముక్కు మీద పెట్టుకునే ఇల్లంతా వెతుకుతాను."

చదివితే సరిపోయేది కాదు. మధ్యలో ఆపి అర్థాలు అడిగేవాడు.

"సామాన్య వినియోగదారుడు అంటే ఎవరమ్మా?"

"మాలాంటివాళ్లం లెండి."

"ఓహో. అదేదో వాళ్లక్కూడా వినపడేలా చెప్పు."

ఆమెకు ఒళ్లు మండేది. తను కుట్టుమిషను ఆపుకుని మరీ ఫైళ్లు చదివి వస్తుంది. ఈయన ఆ పుస్తకం ముట్టుకున్న పాపాన పోడు.

ఒకరోజు ఇంటికి వెళ్లే బస్సులో ముందు సీట్లో ఆయన కనిపించాడు. చేతిలో పేపరు. అందులోనూ చీమల బారులాంటి అక్షరాల పేజీ. కళ్లజోడు లేదు.

"బాగానే కనిపిస్తున్నట్టుందే, బాబాయిగారూ."

పెద్దాయన గబగబా పేపరు మడిచాడు. "బస్సులో వెలుతురు బాగుందమ్మా," అన్నాడు, వెన్న దొంగిలించి దొరికిపోయిన పిల్లాడిలా నవ్వుతూ.

ఆమెకు నవ్వు రాలేదు.

"నేనేమైనా ఆయన గుమాస్తానా? ఇంకోసారి చదవమంటే చదవను," అంది ఇంటికొచ్చి భర్తతో.

"పెద్దవాళ్లతో పంతమెందుకులే. అదేమో గాని, ఈ మధ్య నీ గొంతు బాగా పెరిగింది. ఆ సంగతి నాకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు," అన్నాడు భర్త.

ఆ నెలలోనే పొడుగు పెంచే పొడి మీద ఫిర్యాదు వచ్చింది.

టీవీ ప్రకటనలో ఒక పొట్టి పిల్లవాణ్ణి ఎవరూ ఆటలోకి రానివ్వరు. వాడు పాలలో ఆ పొడి కలుపుకుని తాగుతాడు. మరుక్షణం అందరూ వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకుంటారు.

"కాస్త అతిశయోక్తి, అంతే. ప్రకటన అన్నాక ఆమాత్రం ఉప్పూకారం ఉండాలి," అన్నాడు ప్రకటనల కంపెనీ పెద్ద.

"పొడిలో హాని చేసేదేమీ లేదు," అన్నాడు డాక్టరు.

తలలు ఊగాయి. అధ్యక్షురాలు ఓట్లు అడగబోయింది.

"అమ్మాయీ, ఆ పిల్లల నిబంధన కాస్త..." అన్నాడు పెద్దాయన.

చదవనని పంతం పట్టినా ఆమె చేయి పుస్తకం మీదికే పోయింది.

"పిల్లలు తమను తాము తక్కువగా అనుకునేలా చేసే..." అంటూ మొదలుపెట్టి ఆగిపోయింది. పుస్తకం మూసేసింది.

"నా దుకాణానికి ఒకావిడ కొడుకుని తీసుకొచ్చిందండీ," అంది. "ఈ పొడే తాగిస్తున్నాం, ఎలాగూ పెరుగుతాడు, ప్యాంటు పొడుగ్గా కుట్టి లోపలికి మడవమంది. అలాగే మడిచాను. ఏడాది పోయాక వాడొక్కడే ఆ ప్యాంటు పట్టుకొచ్చాడు. మోకాళ్ల దగ్గర వెలిసిపోయింది గానీ మడత మడతలాగే ఉంది. 'దీన్ని కత్తిరించెయ్యండి ఆంటీ, ఇది కనపడినప్పుడల్లా అమ్మ నా వంక అదోలా చూస్తోంది' అన్నాడు."

డాక్టరు చేతిలోని కలం బల్ల మీద పెట్టాడు.

"కత్తిరించారా?" అడిగింది అధ్యక్షురాలు.

"కత్తిరించాను. పొడిలో హాని లేదని డాక్టరుగారన్నారు. నిజమే కావచ్చు. హాని ఉన్నది ప్రకటనలో."

ఆపాలంటూ మొదట లేచిన చేయి డాక్టరుది. ఒక్కొక్కటిగా మిగతావీ లేచాయి.

పెద్దాయన చేయి ఎత్తాడు గానీ కళ్లు తెరవలేదు. పెదవుల మీద మాత్రం చిన్న నవ్వు.

ఆ తర్వాతి సమావేశానికి ఆయన కళ్లజోడు పెట్టుకుని వచ్చాడు. మళ్లీ ఎప్పుడూ ఆమెను చదవమని అడగలేదు. పీడ విరగడైందనుకోవాల్సిన మనిషికి ఎందుకో వెలితిగా ఉండేది.

వేసవి రాకముందే ఆ కుర్చీ ఖాళీ అయింది.

నిద్రలోనే పోయాడని అధ్యక్షురాలు చెప్పింది. అందరూ లేచి కాసేపు మౌనంగా నిలబడ్డారు.

సమావేశం ముగిశాక ఆమె, అధ్యక్షురాలు కలిసి మెట్లు దిగుతున్నారు.

"మంచి మనిషండీ. కూతుర్ని పిలిచినట్టే పిలిచేవారు," అంది ఆమె కొంగుతో కళ్లొత్తుకుంటూ. "ఒక్కటే లోపం. ఇన్నేళ్లు సభ్యుడిగా ఉండి కూడా ఆ నిబంధనల పుస్తకం ఒక్కసారైనా తెరవలేదు పాపం."

అధ్యక్షురాలు మెట్టు మీదే ఆగిపోయి ఆమెవైపు చూసింది.

"ఆయన తెరవాల్సిన పనేముందమ్మా? మండలి పెట్టిన కొత్తలో, అందులో ప్రతి వాక్యమూ కూర్చుని రాసింది ఆయనే."