తెల్లగోడ

బుల్లియ్య కాలువ గట్టు మీద మోకాళ్లపై కూలబడ్డాడు. భుజం మీది తాడు జారి దుమ్ములో పడింది. ఎదురుగాలికి తెరచాప దించేసి, పొద్దుటి నుంచీ ఒక్కడే పడవ లాగుతున్నాడు.

"ఇంక నావల్ల కాదే. కాళ్లు చచ్చిపోయాయి."

కాలువ నీటికి తలుపులుండే లాకు దగ్గర డేరా వేసిన డాక్టరు దొర పొద్దు గుంకగానే వెళ్లిపోతాడు. మళ్లీ వచ్చేది వచ్చే ఏడే. పెళ్లాం వీరవేణి జబ్బు అన్నాళ్లు ఆగదు.

తాడు లాగేవాడు నేలకేసి వంగి నడుస్తాడు. ముందేముందో పడవలో ఉన్నవాళ్లే కేకేసి చెప్పాలి. పడవ గట్టుకు తగలకుండా గెడతో తడిమి తోస్తూ వీరవేణి అరిచింది.

"లాకు తెల్లగోడ కనపడతంది మావా! లే!"

చచ్చిపోయాయన్న కాళ్లు లేచాయి. తాడు మళ్లీ భుజానికెక్కింది. మలుపు తిరిగినా గోడ రాలేదు.

"అదిగో, దగ్గరికొచ్చేసింది! లాగు!"

పడవ ఇంకో మలుపు తిరిగింది. బుల్లియ్య ఆగలేదు.

పొద్దు గుంకేలోగా లాకు చేరారు. అతను రొప్పుతూ వెనక్కి తిరిగాడు. కట్టు జరిపి చూసిందనుకున్నాడు గానీ, పొద్దున తన చేత్తో కట్టిన పసరు కట్టు ఆమె రెండు కళ్ల మీదా అలాగే ఉంది.

"గోడ నీకెలా కనపడిందే?"

"కనపడితే డాక్టరు దగ్గరికెందుకు?" వీరవేణి గెడ పడేసి చెయ్యి చాపింది. "చచ్చాయన్నది నీ కాళ్లు కాదు, నీ తలకాయ. అది నీతో అబద్ధమాడింది, నేను దాంతో ఆడాను. పద."