గేరు కింద చప్పుడు

అత్తగారు రెండో గేరు వేయబోయారు. నాలుగో గేరు పడింది. బండి రెండు గెంతులు గెంతి ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే గేరు రాడ్డు దగ్గరెక్కడో "కర్ర్ర్..." మంది.

"విన్నారా అల్లుడుగారూ? మళ్ళీ వచ్చింది," అన్నారావిడ.

డ్రైవింగ్ మేష్టారు విన్నారు. తలలోనే మోగుతున్నంత గట్టిగా విన్నారు.

"పర్లేదు అత్తయ్యగారూ. బండి కూడా చంటిపిల్లలాంటిదే, ఒక్కోసారి మారాం చేస్తుంది," అని చిరునవ్వు నవ్వారు.

ఆయనకు అన్నం పెడుతున్నది ఆ చిరునవ్వే. బండికి రెండు వైపులా 'తిట్టకుండా నేర్పబడును' అని పెద్ద అక్షరాలతో రాయించుకున్నారు. పంతొమ్మిదేళ్ళుగా మాట తప్పలేదు. గోడకు గుద్దినవాళ్ళనీ, కాలవలో దింపినవాళ్ళనీ కూడా "మంచి ప్రయత్నం" అని మెచ్చుకున్న మనిషి. అందరూ ఆయన్ని శాంతం మేష్టారనే పిలుస్తారు.

అంతటి శాంతం మేష్టారికి అత్తగారే శిష్యురాలై వచ్చారు. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. "లైసెన్సు చేతికొచ్చాకే మా ఇంటికెళ్తాను," అంటూ సూట్‌కేసుతో దిగి మూడు నెలలైంది. ఈలోగా వంటింట్లో డబ్బాలన్నీ చోట్లు మారాయి. మేష్టారి పడక్కుర్చీ బాల్కనీ పాలైంది. అత్తగారికి గుబురు మీసాలు నచ్చవు కాబట్టి అవీ సగానికి తగ్గాయి. పరీక్ష రెండుసార్లు పోయింది. మూడోది ఈ శుక్రవారం.

"మా అమ్మని ఒక్క మాటన్నారో, చూడండి మరి!" అని భార్య మొదటిరోజే హెచ్చరించింది. పాపం, ఆ హెచ్చరిక దండగ. మేష్టారు అనే రకమే కాదు.

తీరా ఇప్పుడు అత్తగారు పిడుగులాంటి మాట అన్నారు.

"ఈ చప్పుళ్ళ బండిలో నేను పరీక్షకు రాను. బాగయ్యేదాకా వాయిదా వేయించండి. నాకేం తొందర లేదు."

ఆవిడకు లేదు. మేష్టారికుంది. కొంప మునిగిందనుకుంటూ బండిని మెకానిక్ షెడ్డుకు తోలించారు.

మెకానిక్ గట్టివాడు. బండి వీధి మలుపు తిరుగుతుండగానే దాని జాతకం చెప్పేస్తాడని పేరు. "గేర్‌బాక్సే," అన్నాడు. దింపాడు, విప్పాడు, కడిగాడు, బిగించాడు. తను నడిపి చూస్తే కిక్కురుమనలేదు. మేష్టారు నడిపినా అంతే. అత్తగారు ఎక్కి, వెనక్కి పోనివ్వాల్సిన బండిని ముందుకు పోనిచ్చి, షెడ్డు ముందున్న ఖాళీ డ్రమ్మును పడగొట్టగానే, "కర్ర్ర్!"

"అయితే క్లచ్చే," అన్నాడు. కొత్త ప్లేటు వేశాడు. చప్పుడు పోలేదు. "ఇక షాఫ్టే," అన్నాడు. ఇంజను నుంచి వెనక చక్రాలదాకా తిరిగే ఆ పొడుగాటి ఇనప గొట్టాన్నీ మార్చేశాడు. చప్పుడు ఇంకాస్త పెరిగింది.

బుధవారం సాయంత్రం బండి కిటికీలోకి తల పెట్టి, "అమ్మగారు నడిపితేనే వస్తోంది మేష్టారూ," అని గొణిగాడు.

స్టీరింగు ముందు కూర్చున్న అత్తగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "అంటే, తప్పు నాదంటావా?"

"అబ్బెబ్బే! మీరు అద్భుతంగా నడుపుతారు. తప్పంతా బండిదే," అన్నారు పక్క సీట్లోంచి మేష్టారు.

"కర్ర్ర్..." మంది.

మెకానిక్ ఉలిక్కిపడ్డాడు. బండి తాళం తన జేబులోనే ఉంది. మోకాళ్ళ మీద కూలబడి కిందకు చూశాడు. ఆపేసిన బండి అరవడం వాడి సర్వీసులో ఎరగడు. భయంభయంగా లేచి, "రేపు నేనూ కూడా వస్తాను," అన్నాడు.

గురువారం పొద్దున్న పొడుగాటి స్క్రూడ్రైవరుతో వెనక సీట్లో ఎక్కాడు.

"మొన ఇనుము మీద పెట్టి, పిడి చెవికి ఆనిస్తే చాలండి, లోపలి రోగం తెలిసిపోద్ది. డాక్టరు గొట్టంలాంటిదే," అన్నాడు.

నాలుగు రోడ్ల కూడలిలో అత్తగారు బండి ఆపేశారు. ఆగిపోలేదు, తీరిగ్గా ఆపారు. కళ్ళజోడు తుడుచుకోవడానికట! వెనక హారన్లు చెవులు చిల్లులు పొడుస్తున్నాయి.

"మా పెద్దల్లుడైతే ఈపాటికి కొత్త కారే కొనిపెట్టేవాడు," అన్నారు అద్దాలు తుడుస్తూ. "నేర్పడం కూడా ఆయనకే బాగా వచ్చు. శుక్రవారం సంగతి వదిలేయండి. ఇంకో ఆర్నెల్లు మీ ఇంట్లోనే ఉండి, నింపాదిగా నేర్చుకుంటాను."

మేష్టారి గుండె జారింది. చిరునవ్వు మాత్రం జారలేదు. "మీ ఇష్టం అత్తయ్యగారూ. అది మీ ఇల్లే కదా!"

"కర్ర్ర్... కర్ర్ర్... కర్ర్ర్ర్!"

"కదలకండి! ఎవరూ కదలకండి!" అని మెకానిక్ అరిచాడు. స్క్రూడ్రైవరు మొనను గేరు రాడ్డుకు ఆనించాడు. కాదు. బండి నేలకు ఆనించాడు. ఉహూఁ. మేష్టారి సీటు చట్రానికి ఆనించాడు. వాడి కళ్ళు పెద్దవయ్యాయి.

మొనను మెల్లగా ఇంకాస్త పైకి జరిపి, ఇంకా నవ్వుతూనే ఉన్న మేష్టారి దవడకు ఆనించి, "దొరికిందండీ అమ్మగారూ, బండికేం రోగం లేదు, మీ అల్లుడుగారు పళ్ళు నూరుతున్నారు," అన్నాడు.