విప్పిన ఉన్ని

హిందూపురంలో ఉన్ని అల్లికల పోటీ అని తెలిసినప్పటి నుంచి షంషాద్‌బీ తన కొడుక్కి స్వెట్టర్ అల్లుతూనే ఉంది. ఆ ఉదయం ధర్మవరం స్టేషన్లో రానూపోనూ తనకో ఫుల్ టికెట్, వాడికో హాఫ్ టికెట్ తీసుకుంది.

పోటీ బల్ల దగ్గర మార్కులేసే టీచరమ్మ స్వెట్టర్ తడిమి చూసింది. పోగు ఇంకా మెలికలు తిరిగే ఉంది.

"ఇది విప్పిన ఉన్ని గదమ్మా?"

"అవునమ్మా. ఏటా విప్పి, మళ్లా వానికే అల్లుతా."

"పెరిగే పిల్లోనికి అదే ఉన్ని ఎట్ల చాలుతాది?"

"వాడు పెరగలేదమ్మా. పోయిన నాటి మాదిరే ఉండాడు."

టీచరమ్మ బల్ల మీదుగా వంగి చూసింది. షంషాద్‌బీ పక్కన ఎవరూ లేరు.

ఆమె స్వెట్టర్ మడిచి చంకన పెట్టుకుంది. చిటికెన వేలు కిందికి చాచింది.

"రారా నాయనా. నీ టికెట్టు నాకాడనే ఉండాది."