ప్రదక్షిణలు చూసి పెరిగిన ప్రీమియం

పేరిందేవమ్మ చేతికి బీమావాళ్లు తొడిగిన స్మార్ట్ కడియం ఆమె నడకనూ నాడినీ రోజూ బీమా ఆఫీసుకు చేరవేస్తుంది. ఆంజనేయస్వామి గుడిలో ఆమె చేసే ప్రదక్షిణలను చూసి, ముసలావిడ దారి తెలియక ఒకేచోట తిరుగుతోందని, మతిమరుపు మొదలైందని అది తేల్చేసింది. ఆ కారణమే చెప్పి బీమావాళ్లు ప్రీమియం రెట్టింపు చేశారు. ఇంకా పెంచుతారేమోనని భయపడి, ఆమె మండల దీక్ష మధ్యలోనే గుడికి వెళ్లడం మానేసింది.

అంతలో కొత్త చట్టం వచ్చింది. మనిషి వచ్చి కలవకుండా పెద్దవాళ్ల ప్రీమియం పెంచకూడదట. పెంచినవీ మళ్లీ చూడాలట. బీమా ఆఫీసు నుంచి లలిత అనే అమ్మాయి వచ్చింది.

"గుడిలో ఒకేచోట అలా ఎందుకు తిరిగేవారు మామ్మగారూ?"

"మా ఆయనకి పక్షవాతం తగ్గాలని మొక్కుకున్నానమ్మా. మధ్యలో ఆపేశాను, స్వామి ఏమనుకుంటున్నాడో! అయినా, మధ్యలో దేవుడున్నాడని కడియానికి ఎవరు చెప్తారు?"

"పదండి, నేనూ చూస్తాను."

ఇద్దరూ గుడిలో తిరగసాగారు. కాసేపటికి లలిత తడబడింది.

"ఇది ఆరోదా, ఏడోదా మామ్మగారూ?"

"తొమ్మిదోది. ఆ కడియం నీకు పెట్టాలే తల్లీ!"

లలిత పకపకా నవ్వి, పాత ప్రీమియమే ఖాయమని అక్కడే నమోదు చేసింది.

"అయితే దీక్ష ఇవాళే మళ్లీ మొదలు," అంటూ పేరిందేవమ్మ పదో ప్రదక్షిణకు అడుగు వేసింది.